మోకాళ్లు మీవే, ఆ మాట మీరే చెప్పండి

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమెకు 64 ఏళ్లు. భర్త జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, ఈ నవంబరులో 70 నిండుతాయి. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటారు. బిడ్డది షాద్‌నగర్. వీసాలు వచ్చాయి, సెప్టెంబరు చివర్లో ప్రయాణం, అక్కడ ఆరు నెలలు ఉంటారు. కొడుకు ప్రోగ్రాం రాసి పంపాడు: శంషాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లో విమానం మారి, శనివారం డల్లాస్‌లో దిగాలి. సోమవారం పొద్దున్నే అందరూ ఒకే కారులో, అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయ చూడడానికి బయల్దేరాలి. రోజుకు ఏడెనిమిది గంటల దారి. టికెట్లు ఇంకా కొనలేదు, నెలాఖరుకు కొంటానన్నాడు.

చిక్కు ఎక్కడంటే, సారుకు పద్నాలుగేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. రెండేళ్ల నుంచి పొద్దున, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటున్నారు. అరికాళ్లలో తిమ్మిర్లు. నడుస్తూ నడుస్తూ కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదట. బీపీ తప్ప ఇవేవీ కొడుక్కి తెలియవు. "చెప్తే వాడు రావొద్దంటడు. చెప్పినవంటే నేను నీతోని మాట్లాడ" అన్నారట. చక్రాల కుర్చీ మాట ఎత్తితే "నన్ను అందరి ముంగట కుర్చీల కూసోవెట్టి నూకుతరా" అని లేచి వెళ్లిపోతారట. ఈమెకేమో రెండు మోకాళ్లూ అరిగాయి. బస్సులో హైదరాబాద్ పోయి వచ్చినా రాత్రికి పాదాలు వాస్తాయి. బిడ్డ వద్దంటుంది, కొడుకు "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడమ్మా" అంటాడు. "మనుమలను సూడాలని నాకు లేదా? పదహారు గంటలు ఒక్కకాడ కూసుంటే ఈయనకేమన్న అయితే నేనేం జెయ్యాలె? దాచిపెట్టి పోవాల్నా, చెప్పి గొడవ తెచ్చుకోవాల్నా?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు భయాలు పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి ప్రయాణం గురించి, రెండోది దాచిన మాట గురించి. ప్రయాణానికి ఉపాయాలు చాలా ఉన్నాయి, కింద రాస్తాను. కానీ మీ అబ్బాయి వేసిన ప్రోగ్రాం, మంచి ఆరోగ్యంతో ఉన్న తల్లిదండ్రులను మనసులో పెట్టుకుని వేసింది. మీ ఇద్దరి సంగతి తెలియకపోతే ఎంత ప్రేమ ఉన్నా ఆ అబ్బాయి సరైన ప్రోగ్రాం వేయలేడు. శనివారం దిగి సోమవారం కారెక్కమనడం వెనుక ఉన్నది తెలియకపోవడమే.

అలాగని ఈ రాత్రే ఫోన్ చేసి ఆయన సంగతంతా చెప్పేయమని నేననను. ఆ జబ్బు ఆయనది, చెప్పే మొదటి హక్కూ ఆయనదే. మీ మోకాళ్లు మాత్రం మీవి. వాటి గురించి చెప్పడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. "నేను రెండు గంటలకు మించి కారులో కూసోలేను, దిగినంక వారం రోజులు ఇంటి పట్టున ఉండాలె" అని మీరు అన్నారంటే ప్రోగ్రాంలో సగం మారిపోతుంది. అందులో అబద్ధం లేదు, ఆయన మాటా పోదు. ఇది మొదటి దారి. అయితే దీంతో ఇన్సూరెన్స్ సమస్య తీరదు, దాని సంగతి కింద రాస్తాను. రేపు ఆయనకు షుగర్ పడిపోతే కొడుక్కి ఏం చేయాలో తెలియదు.

రెండో దారి, ప్రయాణానికి ముందు ఇద్దరూ కలిసి మీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం. విమానంలో ఇన్సులిన్, సూదులు వెంట ఉంచుకోవాలంటే డాక్టర్ ఉత్తరం ఎలాగూ చేతిలో ఉండాలి. ఆ ఉత్తరం ఒక కాపీ అబ్బాయికి పంపమని డాక్టరే చెబితే, ఆయనకు అది మీ చాడీలా ఉండదు. మీ ఉత్తరం చదివితే ఆయనకు జబ్బు అంటే సిగ్గు ఉన్నట్టు లేదు, ప్రయాణం ఆగిపోతుందన్న బెంగే ఎక్కువ ఉన్నట్టుంది. "పోవచ్చు, కాకపోతే ఇట్ల పోవాలె" అని డాక్టర్ నోట ఆయన ఒకసారి వినాలి.

మూడో దారి, ఆయన వద్దన్నా మీరే చెప్పడం. టికెట్ల రోజు దగ్గరపడి, ఆయన డాక్టర్ దగ్గరికి కూడా రానంటే ఇది తప్పదు. నాలుగు రోజులు మాట్లాడరేమో. ఆ బాధ చిన్నదని నేననడం లేదు. కానీ ఇన్సులిన్ తీసుకునే మనిషిని, ఆ సంగతి తెలియని ఇంటికి ఆరు నెలలకు తీసుకుపోవడం దానికన్నా చాలా పెద్ద బరువు, అదంతా మీ ఒక్కరి మీద పడుతుంది.

డాక్టర్‌ను అడగాల్సిన ముఖ్యమైన సంగతి ఇన్సులిన్ టైము. ఇది అర్థం కావడానికి గడియారం లెక్క చూడండి. సెప్టెంబరులో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో విమానం లేచిందనుకోండి. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడు గంటల ఆగుడు, డల్లాస్‌కి ఇంకో పదహారు గంటలు. దిగేసరికి మన గడియారంలో మర్నాడు తెల్లవారుజాము 3, డల్లాస్‌లో మాత్రం అదే రోజు సాయంత్రం నాలుగున్నర. అంటే ఆ రోజు ఆయనకు ముప్పై నాలుగున్నర గంటలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అనే లెక్క అంత పొడుగు రోజుకు సరిపోదు. నడుమ ఇంకో చిన్న డోసు కావాలా, ఎన్ని యూనిట్లు అన్నది డాక్టర్ కాగితం మీద గంటల వారీగా రాసివ్వాలి. తిరిగి వచ్చేటప్పుడు దీనికి తలకిందులు: రోజు పదమూడున్నర గంటలకు కుదించుకుపోతుంది. రెండు డోసులు దగ్గర దగ్గరగా పడి షుగర్ పడిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందుకని పోయేదానికీ వచ్చేదానికీ వేర్వేరుగా రాయించుకోండి. డల్లాస్‌లో దిగే దాకా ఒక చేతి గడియారం మన టైములోనే ఉంచండి.

ఇంకొక మాట. ఇంట్లో "అన్నం పెట్టు" అని సూది వేసుకున్నట్టు విమానంలో వేసుకోకూడదు. ట్రాలీ పది వరుసల అవతల కనిపిస్తుంది, ఇంతలో కుదుపులు మొదలై సిబ్బంది కూర్చుంటారు, తిండి నలభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈలోపు చెమటలు, వణుకు. ట్రే ఆయన ముందు పెట్టి మూత తీశాకే సూది. నాలుగైదు గంటలకోసారి వేలికి గుచ్చి షుగర్ చూడండి. 70 కన్నా తగ్గితే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. గ్లూకోజ్ పొట్లం, బిస్కెట్లు మీ చేతిసంచిలోనే ఉండాలి, తల మీది అరలో పెడితే అవసరానికి అందవు.

ఇన్సులిన్ ఎప్పుడూ చేతి సామానులోనే పోవాలి. కింద వేసే పెట్టెలో పెడితే చలికి గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టింది మళ్లీ కరిగినా పనికిరాదు. ఐస్‌ప్యాక్ పెడితే దానికీ పెన్నుకూ నడుమ బట్ట ఉండాలి. వాడుతున్న పెన్ను ఫ్రిజ్ లేకుండా, 30 డిగ్రీలు దాటని చోట దాదాపు నాలుగు వారాలు ఉంటుంది, పెట్టె మీద ఎన్ని రోజులని ఉందో చూసుకోండి. ఎండలో ఆపిన కారులో మాత్రం భోజనం చేసి వచ్చేంతసేపు కూడా వదలొద్దు. హోటల్ గదుల్లోని చిన్న ఫ్రిజ్‌లు వెనక గోడ దగ్గర గడ్డకట్టిస్తాయి, తలుపు అరలో పెట్టండి. మందులు, స్ట్రిప్పులు విప్పకుండా, రెండు సంచుల్లో సగం సగం సర్దుకోండి. చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు ఇంగ్లీషులో ఉండాలి. మన బ్రాండ్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. మన పారాసిటమాల్‌ని కూడా అక్కడ అసిటమినోఫెన్ అంటారు.

ఇక కాళ్లు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. గంటకోసారి లేచి రెండు వైపులా నడవండి. కూర్చున్నప్పుడు మడమ ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి, ఇరవై సార్లు. పాయిఖానాకు లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు మన ఆడవాళ్లు, ఆ పని చేయకండి. లేవడం మీ కాళ్లకు మంచిదే. నిద్రమాత్ర వద్దు, దానితో ఎనిమిది గంటలు ఒకే భంగిమలో పడి ఉంటారు. బిగుతు మేజోళ్లు మీకు ఉపయోగపడతాయి. మోకాలి కింది దాకా వచ్చేవి, పొద్దున వాపు లేనప్పుడు చీలమండ, పిక్క కొలిచి కొనుక్కోవాలి. సారు మాత్రం డాక్టర్ పాదాల మీది నాడి చూశాకే వేసుకోవాలి. షుగర్‌తో కాళ్లకు రక్తం సరిగా పారని వాళ్లకు అవే కీడు చేస్తాయి. దిగాక కొన్ని వారాల దాకా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా తెల్లవారే దాకా ఆగకూడదు.

సీట్లు ముందే ఎంచుకోమని అబ్బాయికి చెప్పండి. వరుసకు పది సీట్లుండే విమానంలో నడుమ నాలుగు సీట్లలో దారి పక్కది ఒకరికి, దాని పక్కది ఇంకొకరికి తీసుకుంటే మీరు లేవడానికి పరాయివాళ్లను లేపనక్కర్లేదు. పదహారు గంటలు మరీ ఎక్కువనిపిస్తే లండన్ మీదుగా పోయే దారి ఉంది. హైదరాబాద్ నుంచి లండన్‌కు, లండన్ నుంచి డల్లాస్‌కు రెండూ దాదాపు పదేసి గంటలు. మొత్తం టైము తగ్గదు, కానీ మోకాలికి నడుమ విరామం దొరుకుతుంది. కొనే ముందు ట్రాన్సిట్ వీసా నిబంధన చూడమనండి.

చక్రాల కుర్చీ విషయంలో సారుతో వాదం పెట్టుకోకండి. కుర్చీ మీ పేరు మీద అడగండి, ఆయన మీకు తోడుగా నడుస్తారు. మామూలుగా తోడున్న మనిషినీ అదే వరుసలో పంపిస్తారు. టికెట్ కొన్నప్పుడే, లేదంటే కనీసం 48 గంటల ముందు, "మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు" అని రాయించాలి. దీని కోడ్ డబ్ల్యూసీహెచ్ఆర్. ఇందులో నష్టం కూడా చెప్పాలి: దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు చాలా దూరం. తిమ్మిరి కాళ్లతో ఆయన నడుమలో అలసిపోతే అప్పటికప్పుడు ఇంకో కుర్చీ దొరకకపోవచ్చు. ఇద్దరి పేర్లా రాయించి పెట్టి, ఆయన ఎక్కాలనుకుంటే ఎక్కుతారు, లేదంటే లేదు అని వదిలేయడం ఇంకో పద్ధతి. ప్రయాణం కోసమని ఆయనకు కొత్త బూట్లు మాత్రం కొనకండి. కొన్నా నెల రోజుల ముందు కొని ఇంట్లో తొడిగించండి. స్పర్శ లేని కాలికి బొబ్బ లేచినా తెలియదు, రోజూ రాత్రి ఆయన అరికాళ్లు మీరే చూడాలి.

దారి సంగతికి వద్దాం. డల్లాస్ నుంచి అమరిల్లో దాదాపు 590 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆల్బుకర్కీ 465, ఆ తర్వాత ఫ్లాగ్‌స్టాఫ్ 520, చివర గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచుకు 130. ఒకవైపే 1,700 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది, గుంతలుండవు, హైవే మీద రెస్ట్ ఏరియాలు, పెట్రోలు బంకుల్లో శుభ్రమైన పాయిఖానాలు ఉంటాయి. నీళ్లుండవు, కాగితమే, ఒక సీసా వెంట ఉంచుకోండి. రోడ్డు ఎంత బాగున్నా ఎనిమిది గంటలు మడిచిన మోకాలు మడిచినట్టే ఉంటుంది.

నాలుగు రకాలుగా చేయొచ్చు. మొదటిది, అదే దారి, కానీ దిగిన పది రోజుల తర్వాత. ఆ పది రోజుల్లో నిద్ర కుదురుతుంది, ఇన్సులిన్ కొత్త టైముకు అలవాటవుతుంది. రోజుకు నాలుగైదు గంటలే నడిపి, అమరిల్లోలోనో ఆల్బుకర్కీలోనో ఒక రోజు పూర్తిగా ఆగాలి. ప్రయాణం ఇంకో మూడు నాలుగు రోజులు పెరుగుతుంది, అన్ని సెలవులు అబ్బాయికి దొరకాలి. రెండోది, డల్లాస్ నుంచి ఫీనిక్స్‌కు రెండున్నర గంటల విమానం, అక్కడ కారు కిరాయికి తీసుకుని 370 కిలోమీటర్లు. ఖర్చు పెరుగుతుంది, మీ మోకాళ్లకు ఇదే సుఖం. మూడోది, గ్రాండ్ కాన్యన్ మానేసి ఆస్టిన్, శాన్ ఆంటోనియో చూడడం. డల్లాస్ నుంచి శాన్ ఆంటోనియో 440 కిలోమీటర్లు, ఆస్టిన్ దారిలోనే. నాలుగోది, మీరు పిల్లల దగ్గర ఉండి తండ్రీకొడుకులను పంపడం. ఇది ఆయన ఇన్సులిన్ సంగతి కొడుక్కి తెలిశాకే జరగాలి.

నేను రెండోదాని వైపు మొగ్గుతాను. అయితే ఎలా పోయినా ఎత్తు సంగతి గుర్తుంచుకోవాలి. దక్షిణ అంచు సముద్రమట్టానికి 7,000 అడుగుల పైన ఉంది, మహబూబ్‌నగర్ 1,600 అడుగులు ఉంటుందేమో. మొదటి రోజు కొంచెం ఆయాసం, తలనొప్పి సహజం, గుండె జబ్బు అనుమానం ఉంటే ముందే ఈసీజీ తీయించుకోవాలి. పెద్దాసుపత్రి ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉంది, అంచు నుంచి గంటన్నర. లోయలోకి దిగే బాట వద్దు, దిగడం తేలికే, ఎక్కేటప్పుడు ప్రాణం పోతుంది. అంచు వెంబడి చదును చేసిన దారి ఉంది, ఉచిత బస్సులున్నాయి, మేథర్ పాయింట్ దగ్గర నిలబడితే ఆ లోయంతా కళ్ల ముందే ఉంటుంది. నడవలేని వాళ్లుంటే మామూలు కార్లను రానివ్వని రోడ్ల మీదికి కూడా కారు అనుమతించే పర్మిట్ గేటు దగ్గర ఇస్తారు, అబ్బాయిని అడిగి తీసుకోమనండి. 2026 నుంచి అమెరికాలో నివాసం లేని పెద్దవాళ్లకు అక్కడ మామూలు టికెట్ మీద మనిషికి 100 డాలర్లు అదనం, అదీ లెక్కలో వేసుకోండి.

అరిజోనాలో గడియారం డల్లాస్ కన్నా రెండు గంటలు వెనక. డల్లాస్‌లో రాత్రి 8కి వేసుకునే సూది అక్కడ సాయంత్రం 6కి పడుతుంది, అన్నం టైము దానికి తగ్గట్టు జరపాలి. అక్టోబరు రాత్రులు బాగా చలి. కారులో కాళ్ల దగ్గర వేడిగాలి పెడతారు, సారు పాదాలు దానికి దగ్గరగా ఉంటే కాలినా తెలియదు. కారు కూడా ఎత్తు మెట్టుండేది కాకుండా, తలుపు పక్కకు జరిగే మినీవ్యాన్ తీసుకోమనండి. మోకాలు ఎత్తకుండా కూర్చోవచ్చు.

ఇన్సూరెన్స్ దగ్గర దాపరికం అస్సలు పనికిరాదు. అక్కడ ఆసుపత్రి ఖర్చు మన లెక్కలకు అందదు. చాలా పాలసీలు పాత జబ్బులకు ఇవ్వవు. కొన్ని, పాత జబ్బు ఉన్నట్టుండి ప్రాణం మీదికి వస్తే ఒక పరిమితి దాకా ఇస్తాయి. కొనేటప్పుడు షుగర్ లేదని రాసి, రేపు ఆసుపత్రి కాగితాల్లో ఇన్సులిన్ కనిపిస్తే డబ్బు ఆపేస్తారు. చాలా కంపెనీలకు 70 ఏళ్లు ఒక గీత, దాటితే ప్రీమియం పెరిగి కవరేజీ తగ్గుతుంది. సారుకు నవంబరులో 70 నిండుతాయి కాబట్టి, సెప్టెంబరులోనే మొత్తం ఆరు నెలలకు ఒకేసారి తీసుకోవడం మేలు. నడుమలో 70 నిండితే ఏమవుతుందో రాతపూర్వకంగా అడగమనండి. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ గడువు కూడా సబ్ ట్రెజరీ ఆఫీసులో (ఎస్టీఓ) అడిగి వెళ్లండి.

తిండి సామాన్ల గురించి రెండు మాటలు. సకినాలు, అరిసెలు, నూనెలో ఊరిన తొక్కులు పట్టుకుపోవచ్చు. బియ్యం, పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం వద్దు. ఏం తెచ్చారో అడిగినప్పుడు అన్నీ చెప్పండి, దాస్తే 1,000 డాలర్ల దాకా జరిమానా.

టికెట్లు కొనేలోపు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. బిడ్డను, అల్లుడిని తీసుకుని ఒక ఆదివారం కారులో అలంపూర్ వెళ్లి జోగులాంబ దర్శనం చేసుకుని రండి, బీచుపల్లిలో ఆగి కృష్ణ ఒడ్డున కాసేపు నడవండి. అది బాగా జరిగితే, ఇంకో వారం శ్రీశైలం. అది నాలుగైదు గంటల దారి, చివర్లో ఘాట్ మలుపులు. మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, పగలే దాటాలి. రెండుసార్లూ గంటన్నరకోసారి దిగి నడవండి. ఇంటికొచ్చాక ముందు కాలి ఎముక మీద బొటనవేలితో అయిదు సెకన్లు నొక్కి చూడండి. గుంట పడి అలాగే ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. సారు షుగర్ దారిలో మూడుసార్లు చూసి కాగితం మీద రాయండి. వద్దంటున్న బిడ్డకు ఆ కాగితం చూపిస్తే ఆమె భయం కూడా ఎంతవరకు నిజమో తెలుస్తుంది.

తర్వాత అబ్బాయి వీడియో కాల్ చేసినప్పుడు ముందు మీ మోకాళ్ల సంగతి ఎత్తండి, రెండు గంటలకు మించి కూర్చోలేనని చెప్పండి. సారు పక్కనే ఉండి వింటారు. అప్పుడు ఫోన్ ఆయన చేతికిచ్చి, మీరు టీ పెట్టడానికి లోపలికి వెళ్లండి.